తలుపుకు అడ్డు పెట్టిన ఇటుక

మన కళాశాల వార్షిక సంచిక చేతికి రాగానే నేను మొదట దానిని అటూ ఇటూ త్రిప్పి చూస్తాను. ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు వాకిళ్ళున్న ఇల్లు వలె ఉంటుంది మన పత్రిక. ఈసారి తెలుగు వాకిట నన్ను కూడా నిలబడమని మా అధ్యాపకురాలు ఆదేశించారు. తోటి విద్యార్థినీ విద్యార్థులు దేశాభ్యుదయం గురించి, స్త్రీ విద్య గురించి, విజ్ఞాన శాస్త్ర ప్రగతి గురించి వ్రాస్తున్నారని విన్నాను. అంతటి విషయాలు చేపట్టే శక్తి నాకు లేదు. గడచిన రెండు మూడేండ్లలో నేను చేతులారా చేసి, పొరపాటు పడి, మళ్ళీ దిద్దుకుని నేర్చుకున్న పని ఒక్కటే ఉన్నది. అది తలుపు మూసుకుపోకుండా అడ్డు పెట్టడం. చదివేవారు నవ్వుకోవచ్చు. అయినా పూర్తిగా చదివిన తరువాతనే నవ్వవలసిందిగా మనవి.

మా ఇల్లు వరంగల్‌లో పాత పద్ధతిలో కట్టినది. నేలకు షాబాదు బండలు పరచి ఉన్నాయి. ఏండ్ల తరబడి తుడిచి తుడిచి అవి అద్దం వలె నునుపు తేలాయి. నేను చదువుకునే గదికి, మా దాదీమా పడుకునే గదికి మధ్య ఒకే తలుపు. 2023 ఫిబ్రవరిలో దాదీమాకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. గొంతు కూడా సన్నగిల్లింది. కొన్ని నెలలకు చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగినా, పిలుపు మాత్రం మంచం దాటి వచ్చేది కాదు. తలుపు తెరిచి ఉంటే వినపడేది. మూసుకుంటే ఆమె ఎంత పిలిచినా మాకు తెలిసేది కాదు.

తలుపు తెరిచి ఉండాలనటానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. మా దాదాజాన్ కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసేవారు. దాదీమా ఆయనకు కండెలు చుట్టి ఇచ్చేది. ఆమెకు చదువు లేదు. ఉర్దూ అక్షరాలు గాని, తెలుగు అక్షరాలు గాని రావు. కాని నేను పాఠాలు పైకి చదువుతుంటే వినటం ఆమెకు చాలా ఇష్టం. చరిత్ర అయినా సరే, భౌతిక శాస్త్రమైనా సరే. నేను ఆగితే లోపలి నుండి సన్నగా, “తరువాత ఏమైంది బేటా?” అని అడిగేది. భౌతిక శాస్త్రంలో తరువాత ఏమవుతుందో ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు. అయినా చెప్పేదానను.

ఆ గదిలో బండలు చల్లగా ఉన్నాయని, కాలు జారుతుందని అబ్బాజాన్ పెట్టెలో నుండి దాదాజాన్ నేసిన పెద్ద జంపఖానాను తీసి గోడ నుండి గోడ వరకు పరిచారు. మా ఇంటి మాటలో దానిని షత్రంజీ అంటాము. ఎరుపు, నీలం పట్టెలతో ఇప్పటికీ రంగు చెదరలేదు. దాని మీదుగా తలుపు తిరగటానికి వీలుగా తలుపు అడుగు భాగాన్ని చిత్రిక పట్టించారు. నిజం చెప్పాలంటే అక్కడే కథ మొదలైంది.

తలుపు ఎందుకు మూసుకుపోతుంది? నేను గమనించినంతలో కారణాలు రెండు. మొదటిది గాలి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉన్న ఇంట్లో గాలి ఒక వైపు నుండి మరొక వైపుకు పోతూ తలుపును తనతో తీసుకుపోతుంది. రెండవది తలుపు వాలు. రెండు బందులు ఒకే నిలువులో లేకపోతే తలుపు గాలి లేకపోయినా తన బరువుతో తానే మెల్లగా జరుగుతుంది. దారానికి ఒక రాయి కట్టి చౌకట్టు ప్రక్కన వ్రేలాడదీస్తే ఆ వంకర కంటికి కనపడుతుంది. మా తలుపుకు రెండు జబ్బులూ ఉన్నాయి. ఆషాఢపు గాలికి అది దభీమని కొట్టుకుంటే దాదీమా నిద్రలో ఉలికిపడేది.

మొదట కుర్చీ అడ్డు పెట్టాము. దారికి అడ్డమై చేతికర్రకు తగిలేది. నీళ్ళ బిందె పెట్టాము. ఒక రోజు అది ఒరిగి జంపఖానా అంతా తడిసింది. బజారు నుండి రబ్బరు స్టాపరు తెచ్చాను. తలుపును చిత్రిక పట్టించాము కాబట్టి దాని క్రింద సందు 2 సెంటీమీటర్లు ఉన్నది. ఆ రబ్బరు ముక్క ఆ సందులో నుండి అటు వైపుకు దూరిపోయింది. అప్పుడు నేనే స్వయంగా చేస్తానని పూనుకున్నాను.

మా వీధి చివర ఉన్న వడ్రంగి తాతను అడిగి ఒక టేకు ముక్క తెచ్చుకున్నాను. ఏటవాలుగా కోశాను. మొదటిది 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల ఎత్తు. తలుపు తాకగానే అది వెనుకకు జారిపోయింది. వాలు ఎక్కువైతే ఒరిపిడి చాలదని పుస్తకంలో చదివినదే, చేతితో చేసినప్పుడు గాని బోధపడలేదు. రెండవది 15 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల ఎత్తు, అనగా అయిదుకు ఒకటి వాలు. అడుగున గోనెగుడ్డ అంటించాను. ఈసారి తలుపు ఎంత నెట్టినా కదలలేదు. ఆ రాత్రి నేను ఎంత గర్వంగా నిద్రపోయానో చెప్పలేను.

ఆ గర్వం మూడు వారాలు నిలిచింది.

2023 ఆగస్టులో ఒక తెల్లవారుజామున దాదీమా లేచి రెండడుగులు వేసి పడిపోయింది. పరుగెత్తుకొని వెళ్ళేసరికి గడప దగ్గర ఎడమ చేయి క్రింద పడి ఉన్నది. మణికట్టు ఎముక చిట్లిందని వైద్యులు కట్టు కట్టారు. “నిద్రమత్తులో కాలు తడబడింది” అని దాదీమా అందరితో చెప్పింది. అందరూ నమ్మారు. కాని నేను చూశాను. నా వాలు చెక్క ముందు జంపఖానా ఒక మడత పడి లేచి ఉన్నది. ఆమె కాలు ఆ మడతకే తగిలింది.

అమ్మీ చూడకముందే ఆ మడతను నేను కాలితో సరిచేశాను. ఈ మాట వ్రాయటానికి నా కలం జంకుతున్నది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడవ రోజు అన్నం తినిపిస్తూ దాదీమాతో చెప్పి ఏడ్చాను. ఆమె కుడి చేత్తో నా తల నిమిరి ఉర్దూలో అన్నది: “నాకు తెలియదా బేటా? నలభై ఏండ్లు షత్రంజీల మధ్య బ్రతికాను. మడత తగిలితే కాలికి తెలియదా? నీవు తలుపు తెరిచి ఉంచావు. తప్పేమున్నది? ఇంకొక విధంగా చెయ్యి.” ఆ సాయంత్రమే అబ్బాజాన్‌తో కూడా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చెక్క తీసుకుని వడ్రంగి తాత వద్దకు పొమ్మన్నారు.

వడ్రంగి తాత ఇంటికి వచ్చి, నేల మీద కూర్చొని, చెక్కను పెట్టి తలుపును పదిసార్లు మెల్లమెల్లగా నెట్టాడు. తరువాత జంపఖానా వైపు వ్రేలు చూపించాడు. “బిడ్డా, నీ చెక్క మంచిగనే పట్టింది. పట్టుడే తప్పయింది. అది జంపఖానను పట్టింది గని, జంపఖానను బండ పట్టలే” అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. పరచిన గదిలో తలుపుకు అడ్డు పెట్టేటప్పుడు ఒరిపిడి ఒక చోట కాదు, రెండు చోట్ల ఉంటుంది. అడ్డుకు, జంపఖానాకు మధ్య ఒకటి. జంపఖానాకు, నేలకు మధ్య మరొకటి. నేను పై దానినే చూశాను. క్రింది దానిని మరచాను. నున్నని బండ మీద జంపఖానా ప్రతి గాలి విసురుకూ వెంట్రుకవాసి జరుగుతూ వచ్చింది. మూడు వారాలకు ఆ వెంట్రుకవాసులన్నీ కలిసి మడత అయ్యాయి. రోజూ చూసే కంటికి అది కనపడలేదు.

కాబట్టి క్రొత్త అడ్డుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. గాలి మితిమీరి వీచినప్పుడు ఏదో ఒకటి ఓడిపోక తప్పదు. ఓడిపోవలసినది అడ్డే గాని జంపఖానా కారాదు. తలుపు మూసుకుంటే మళ్ళీ తెరవవచ్చు. మనిషి పడితే లేపటం అంత సులభం కాదు.

ఇందుకు మేము చేసిన పని ఇది. ఒక మంచి కాల్చిన ఇటుక తీసుకున్నాము. 9 అంగుళాల పొడవు, 4½ అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు గల ఇటుక సుమారు 3 కిలోల బరువుంటుంది. దానిని కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, పొడి రాలకుండా పాత దుప్పటి గుడ్డ రెండు చుట్లు చుట్టి కుట్టాము. దాని పైన, నాలుగు ప్రక్కల జంపఖానా ముక్క తొడుగుగా వేశాము. తలుపు చెక్కకు గీతలు పడకుండా అది మెత్తగా ఆనుతుంది. అడుగున మాత్రం జంపఖానా ముక్క వేయలేదు. నున్నని నూలు గుడ్డ వేశాము. అడుగు గరుకుగా ఉంటే అది మళ్ళీ పరపును పట్టుకుని లాగుతుంది. నున్నగా ఉంటే గాలి ఎక్కువైనప్పుడు తానే ప్రక్కకు జరుగుతుంది. జంపఖానా క్రింద, తలుపు దగ్గర, పాత సైకిలు ట్యూబును చీల్చి నాలుగు పట్టీలు పెట్టాము. దానితో పరపు బండ మీద జారటం మానింది. ఇటుకకు పైన ఒక గట్టి నాడా కుట్టాము. వంగలేనివారు చేతికర్ర కొనతో కూడా దానిని ఎత్తి ప్రక్కకు జరపవచ్చు.

కుట్టు పనిని దాదీమా తానే చేస్తానన్నది. ఎడమ చేతికి కట్టు ఉన్నది. కట్టు లేకపోయినా ఆ చేతిలో పట్టు లేదు. అందుచేత ఆమె కుడి చేతితో సూది పట్టుకున్నది. నేను ఆమె ఎడమ చేయి అయ్యాను. గుడ్డను బిగించి పట్టుకోవటం, మూల మడవటం, దారం లాగి ఇవ్వటం నా వంతు. మూల వద్ద గుడ్డను కోయరాదని, మడిచి లోపలికి దోపాలని, కోస్తే పేక దారం ఊడి వస్తుందని ఆమె చెప్పింది. అంత చిన్న తొడుగుకు మాకు అయిదు సాయంత్రాలు పట్టింది. ఆ అయిదు సాయంత్రాలలో దాదాజాన్ గురించి, మగ్గం గుంత గురించి, కండెలు చుట్టిన రోజుల గురించి నేను విన్నంతగా అంతకు ముందు ఎన్నడూ వినలేదు. పండుగకు ముందు ఎన్ని జంపఖానాలు దిగేవో, ఏ రంగు వేసవిలో త్వరగా వెలుస్తుందో ఆమెకు అన్నీ జ్ఞాపకమే. అక్షరం రాని మా దాదీమాకు పట్టెల లెక్క మాత్రం ఎన్నడూ తప్పేది కాదు.

ఇక ఇటుకను ఎక్కడ పెట్టాలి? ఇది భౌతిక శాస్త్ర విద్యార్థులకు సంతోషం కలిగించే ప్రశ్న. మా తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు. గాలి తలుపు అంతటి మీద సమానంగా నెడుతుంది కాబట్టి దాని బలమంతా నడిమధ్య, అనగా బందు నుండి 45 సెంటీమీటర్ల వద్ద పని చేస్తున్నట్లు లెక్క. అడ్డును తలుపు చివర, 90 సెంటీమీటర్ల వద్ద పెడితే గాలి బలంలో సగం భరిస్తే చాలు. అదే బందు ప్రక్కన 15 సెంటీమీటర్ల వద్ద పెడితే గాలి బలానికి మూడింతలు భరించాలి. ఒకే ఇటుక, ఒకే గాలి, చోటు మారితే శ్రమ ఆరింతలు. పైగా బందు దగ్గర అడ్డు పెడితే ఆ ఒత్తిడికి మరలు వదులై తలుపే ఊడి రావచ్చు. కనుక ఇటుక చోటు తలుపు చివరనే. అయితే నడిచే దారిలోకి రాకుండా, తలుపు పూర్తిగా గోడ వైపుకు తెరిచిన తరువాతనే పెట్టాలి. తొడుగు రంగు క్రింది పరపులో కలిసిపోరాదు. ఎరుపు పట్టెల మీద ఎరుపు ఇటుక పెడితే అది అడ్డు కాదు, ఉచ్చు. మేము పసుపు అంచు కుట్టాము.

ఇటుక దొరకని వారు ఇసుక సంచి కుట్టుకోవచ్చు. కడిగి, బాగా ఎండబెట్టి, జల్లించిన ఇసుక లీటరుకు సుమారు ఒకటిన్నర కిలోల బరువుంటుంది. పాత ప్యాంటు కాలు ముక్కలో రెండు లీటర్ల ఇసుక పోసి రెండు చివరలా కుడితే ఇటుకతో సమానం. లోపల మరొక సన్ననేత సంచి తప్పక ఉండాలి. లేకపోతే ఇసుక రేణువులు కారి పరపు పోగులలో చేరి, కాలి క్రింద నలిగి వాటిని కోస్తాయి. చిన్న పిల్లలున్న ఇంటికి ఇసుక సంచే మేలు, కాలి మీద పడినా దెబ్బ తక్కువ.

మన కళాశాలలో ఉపన్యాసాలు జరిగే గది సంగతి కూడా చెప్పాలి. అక్కడ పరచినది జంపఖానా కాదు, పైకి లేచిన పోగులున్న తివాచీ. నేలకు జిగురుతో అంటించి ఉన్నది. ఆ గది తలుపు పరీక్షల కాలంలో దడదడ కొట్టుకోవటం మనందరికీ తెలిసినదే. నేను మా ఇటుకను అక్కడికి తెచ్చి పెట్టి చూశాను. నున్నని అడుగు కావటంతో పోగుల మీద జారిపోయింది! ఇంట్లో నన్ను ఓడించిన పాత వాలు చెక్కే అక్కడ గెలిచింది. తివాచీ నేలకు అంటుకుని ఉన్నది కాబట్టి చెక్క దానిని పట్టినా అది కదలదు. మెత్తని పోగులలో చెక్క దిగబడకుండా వెడల్పు 10 సెంటీమీటర్లకు పెంచి మరొకటి చేశాను. గత సంవత్సరం నుండి అది అక్కడే పని చేస్తున్నది. అంతకు ముందు మనము కుర్చీ అడ్డు పెట్టేవారము. చంకకర్రలతో వచ్చే మన సహాధ్యాయి ప్రతిసారీ ఎవరైనా కుర్చీ తీసే వరకు గుమ్మం బయట నిలబడవలసి వచ్చేది. ఇప్పుడు ఆమె ఎవరినీ అడగకుండా లోపలికి వస్తున్నది.

ఈ సందర్భంగా కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక మనవి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు మన ఊరిది. మగ్గాల దగ్గర మిగిలే అంచు ముక్కలు, మన ఇళ్ళలోని పాత గుడ్డలు, నాలుగు ఇటుకలు ఉంటే ఒక సెలవు రోజున విద్యార్థులమే గది గదికీ అడ్డు తయారు చేయగలము. పెద్దలు ఒక్క అనుమతి ఇస్తే చాలు. అయితే అగ్ని ప్రమాదం నుండి రక్షణకై ఎల్లప్పుడూ మూసి ఉంచవలసిన తలుపులకు మాత్రం ఎన్నడూ అడ్డు పెట్టరాదు. ఏ తలుపు తెరిచి ఉంచాలో, ఏది మూసి ఉంచాలో తెలుసుకున్న తరువాతనే పని మొదలుపెడదాము.

మా దాదీమా 2024 డిసెంబరులో మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది. చివరి వారం వరకు నేను చదువుతుంటే వింటూనే ఉన్నది. “తరువాత ఏమైంది” అని అడిగే ఓపిక లేనప్పుడు మంచం పట్టెను వ్రేలితో ఒకసారి తట్టేది. ఆ చప్పుడు నాకు వినపడేది. తలుపు తెరిచి ఉన్నది గనుక వినపడేది.

ఇప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు. తలుపు మూసినా ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా అమ్మీ ప్రతి ఉదయం గది ఊడ్చి, జంపఖానా దులిపి, పసుపు అంచు ఇటుకను మళ్ళీ తలుపు చివరనే పెడుతున్నది. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రం పుస్తకం తెరిచి కూర్చుంటాను. పాఠం పైకే చదువుతాను.